తూములు బిగించినంత మాత్రాన నీళ్లు పారవు: మారుమూల ఊళ్ల ఉపగ్రహ ఇంటర్నెట్, ప్రజల సొమ్ము

అందరికీ నమస్కారం. చిన్న భాగాహారంతో మొదలుపెడతాను. 2023 జూన్‌లో ఇండోనేషియా సత్రియా-1 అనే ఉపగ్రహాన్ని పైకి పంపింది. దాని మొత్తం సామర్థ్యం 150 జీబీపీఎస్, అంటే సెకనుకు 150 గిగాబిట్లు. దీవుల్లో చెల్లాచెదురుగా ఉన్న బడులు, ఆరోగ్య కేంద్రాలు, ప్రభుత్వ కార్యాలయాలు కలిపి 1,50,000 చోట్లకు ఇంటర్నెట్ ఇవ్వాలని మొదట లక్ష్యం పెట్టుకున్నారు. ఇప్పుడు భాగించండి. ఒక్కో చోటికి 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్, అంటే గిగాబిట్‌లో వెయ్యో వంతు) వస్తుంది. బడిలో ముప్పై మంది పిల్లలు ఒక్కసారే వీడియో పాఠం తెరిస్తే తలా 33 కేబీపీఎస్, అంటే అందులో ముప్పయ్యో వంతు. అందరూ ఒకేసారి వాడరు కదా అంటారు. నిజమే, కానీ బడులన్నీ దాదాపు ఒకే వేళకు తెరుస్తారు, కార్యాలయాలూ అంతే. రాత్రి మూడింటికి ఖాళీగా ఉన్న సామర్థ్యం పగలు పదకొండింటికి అక్కరకు రాదు.

ఆ ఉపగ్రహాన్ని తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పలేదు. దాని తరగతిలో అది పెద్దదే. ఉపగ్రహ ఇంటర్నెట్ పథకాల నివేదికలన్నీ 'ఇన్ని చోట్ల డిష్‌లు బిగించాం' అని మొదలవుతాయి. డిష్ అనేది తూము లాంటిది. కాలువలో నీళ్లు ఎంత ఉన్నాయి, చివరి పొలం దాకా ఎంత చేరుతుంది అన్నది వేరే లెక్క. ప్రభుత్వం తూములు కొని, నీళ్ల సంగతి కంపెనీకి వదిలేస్తే ఏమవుతుందో ఇవాళ మాట్లాడుకుందాం. ఈ గదిలో టెండర్లు రాసేవాళ్లు ఉన్నారు, బిల్లులు పాస్ చేసేవాళ్లు ఉన్నారు, స్తంభం పాతించేవాళ్లూ ఉన్నారు. ముగ్గురికీ పనికొచ్చేలా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు ఎత్తు సంగతి. భూస్థిర కక్ష్యలో, అంటే భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకే చోట నిలిచినట్టు ఉండే ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది. మీరు ఒక మాట పంపితే అది పైకి వెళ్లి, కిందికి దిగి, జవాబు మళ్లీ పైకెక్కి, మళ్లీ కిందికి రావాలి. నాలుగు అంగలు, దాదాపు 1,43,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా 480 మిల్లీసెకన్లు పడుతుంది. యంత్రాల ఆలస్యం కూడా కలిస్తే 600 దాటుతుంది. ఎంత డబ్బు పోసినా ఇది తగ్గదు. దిగువ కక్ష్యలో స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున, వన్‌వెబ్‌వి 1,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడ జాప్యం కొన్ని పదుల మిల్లీసెకన్లే. ఫోన్ కాల్‌లో ఒకరి మాట మీద ఒకరు పడిపోవడం, డాక్టరుతో వీడియో కాల్‌లో రోగి జవాబు ఆగి ఆగి రావడం మొదటి రకంలో తప్పదు. సినిమా చూడటానికి, ఫైలు దించుకోవడానికి ఆ జాప్యం పెద్ద అడ్డు కాదు. కాబట్టి 'జాప్యం ఎక్కువ' అని ఒక్క వేటుతో కొట్టిపారేయడమూ సరికాదు, 'ఇంటర్నెట్ అంటే ఇంటర్నెట్టే కదా' అని రెండింటికీ ఒకే మార్కులు వేయడమూ సరికాదు.

అమెరికాలో టెలికాం నియంత్రణ కమిషన్ ఎఫ్‌సీసీ నడిపిన తిరుగు వేలంపాటల్లో ఈ తేడాను అంకెల్లోకి ఎలా మార్చారో చూడండి. తిరుగు వేలం అంటే తక్కువ సబ్సిడీ అడిగినవాడికి ప్రాంతం దక్కుతుంది. 2020లో జరిగిన గ్రామీణ డిజిటల్ అవకాశ నిధి వేలంలో ప్రతి పాటకూ ఒక బరువు తగిలించారు. గిగాబిట్ వేగం ఇస్తానన్నవాడికి సున్నా. 100/20 ఎంబీపీఎస్ (డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20) అన్నవాడికి 20. 50/5 అయితే 35, 25/3 అయితే 50. జాప్యం ఎక్కువ ఉంటే వీటి మీద మరో 40. బరువు ఎంత ఎక్కువైతే గెలవడానికి అంత తక్కువ సొమ్ముకు ఒప్పుకోవాలి. పద్ధతి బాగుంది. అంతకుముందు 2018 వేలంలో భూస్థిర ఉపగ్రహాలతో వయాశాట్ కంపెనీ 20 రాష్ట్రాల్లో సుమారు 12.25 కోట్ల డాలర్ల సబ్సిడీ గెలుచుకుంది. జాప్యం 750 మిల్లీసెకన్లు దాటకూడదు, మాట నాణ్యతను మనుషుల చెవులతో కొలిచే స్కోరు 5కి 4 ఉండాలి అన్నవి ఆ తరగతికి పెట్టిన షరతులు. షరతు అంటే అలా కొలవడానికి వీలుండాలి. 'నాణ్యమైన సేవ అందించవలెను' అని రాసే వాక్యం కాగితానికి బరువు తప్ప ఎందుకూ పనికిరాదు.

ఆ 2020 వేలం దగ్గర కాసేపు ఆగుదాం, నేర్చుకోవడానికి ఇంతకు మించిన పాఠం లేదు. పదేళ్లలో ఇవ్వాల్సిన మొత్తం 920 కోట్ల డాలర్లు. అందులో స్టార్‌లింక్‌ను నడిపే స్పేస్‌ఎక్స్ కంపెనీకి 35 రాష్ట్రాల్లో దాదాపు 6,43,000 ఇళ్లు, సంస్థలకు సేవ ఇవ్వడానికి 88.55 కోట్ల డాలర్లు దక్కాయి. 100/20 ఎంబీపీఎస్, తక్కువ జాప్యం అన్నది మాట. తర్వాత రెండు చోట్ల తేడా వచ్చింది.

మొదటిది మ్యాపు. అప్పట్లో జనగణన బ్లాకులో ఒక్క ఇంటికి సేవ ఉన్నా బ్లాకంతటికీ ఉన్నట్టే లెక్క. అలా వేల ఊళ్లు కాగితం మీద వెలిగిపోయి జాబితాలోంచి తప్పిపోయాయి. దీనికి తిరగేసిన తప్పు కూడా జరిగింది. గెలిచిన ప్రాంతాల్లో పార్కింగ్ స్థలాలు, విమానాశ్రయాలు కూడా దూరిపోయాయి. 2021 జులైలో ఎఫ్‌సీసీ గెలిచినవాళ్లకు లేఖలు రాసి, అలాంటివి వదిలేయమని అడగాల్సి వచ్చింది. ఇంటింటినీ ఒక చుక్కగా చూపే కొత్త మ్యాపు 2022 నవంబరులో గానీ రాలేదు. డబ్బు పంచేశాక మ్యాపు గీశారన్నమాట.

రెండోది మాట నిలబెట్టుకోగలరా అన్న పరీక్ష. 2022 ఆగస్టులో ఎఫ్‌సీసీ స్పేస్‌ఎక్స్ దరఖాస్తును తిరస్కరించింది. బయటి వేగ పరీక్షల సమాచారం ప్రకారం 2021 చివరి నుంచి 2022 మధ్య దాకా వేగాలు తగ్గుతూ వచ్చాయని, అప్‌లోడ్ 20కి అందడం లేదని, వాడేవాడు 600 డాలర్లు పెట్టి డిష్ కొనుక్కోవాల్సి వస్తోందని ఎత్తిచూపింది. కంపెనీ అప్పీలు చేసింది. 2023 డిసెంబరులో కమిషన్ అదే నిర్ణయాన్ని ఖాయం చేసింది. కమిషన్‌లోనే ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. గడువు 2025 చివర ఉండగా 2022 వేగం చూసి తీర్పు చెప్పడమేమిటన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో కొంత బలం ఉంది. ఉపగ్రహాలు నెలనెలా పెరుగుతున్న వ్యవస్థను ఒక రోజు తీసిన ఫోటోతో కొలవడం కష్టం. కానీ పెరుగుతాయన్న నమ్మకం మీద పదేళ్ల సబ్సిడీ రాసివ్వడమూ కష్టమే. ఈ చిక్కు వచ్చిందల్లా డబ్బును గెలుపుకు ముడిపెట్టినందుకు. నెలనెలా కొలిచి, వచ్చిన వేగానికి చెల్లించే ఒప్పందం అయితే ఈ తగువుకు చోటే లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్రభుత్వం కొనాల్సిన సరుకు డిష్ కాదు. ఫలానా ఊళ్లో, ఫలానా రద్దీ వేళలో, ఇంతమందికి ఇంత సామర్థ్యం, ఇన్నేళ్ల పాటు. ఆ సరుకు అందిన మేరకే బిల్లు పాస్ కావాలి.

సామర్థ్యం లెక్క ఎలా కట్టాలి? టెండరులో 100 ఎంబీపీఎస్ అని రాస్తారు. ఏ కంపెనీ కూడా ఇంటికి 100 చొప్పున పక్కన పెట్టదు, పెట్టనక్కర్లేదు కూడా. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య, ఇళ్లన్నీ కలిపి చూస్తే సగటున ఇంటికి ఎంత లాగుతున్నారన్నది అసలు అంకె. దాన్ని 2.5 ఎంబీపీఎస్ అనుకుందాం. అంటే 100 అని అమ్మిన దాన్ని నలభై మంది పంచుకుంటున్నారు. ఇప్పుడు నేల మీద ఒక బీమ్ (ఉపగ్రహం కిందికి పంపే సిగ్నల్ పుంజం) పడే ముక్కకు 1 జీబీపీఎస్ కేటాయించారనుకోండి. 400 ఇళ్ల దాకా హాయిగా నడుస్తుంది. అదే ముక్కలో 1,200 కనెక్షన్లు ఇస్తే రద్దీ వేళ ఇంటికి 0.8 ఎంబీపీఎస్. వీడియో తిరుగుతూనే ఉంటుంది. దిగువ కక్ష్య ఉపగ్రహాల గుణం ఇదే. ఇళ్లు ఎంత విసిరేసినట్టు దూరదూరంగా ఉంటే అంత బాగా పనిచేస్తాయి, ఒకచోట గుమిగూడితే ఉక్కిరిబిక్కిరి అవుతాయి. ఫైబర్‌కు సరిగ్గా ఎదురు.

ఇక్కడ టెండరు రాసేవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ 1 జీబీపీఎస్ మీ సబ్సిడీ ఇళ్లకే కాదు. అదే ముక్కలో సొంత డబ్బుతో కొనుక్కున్నవాళ్లు, దారిన పోయే వాహనాల మీది డిష్‌లు, పక్కనే ఉన్న గని, రిసార్టు, అన్నీ అందులోంచే తోడుకుంటాయి. వ్యాపార ప్లాన్ కట్టినవాడికి ముందు వరుస, మన ఇంటికి చివరి వరుస. చివరి ఆయకట్టు రైతు గోడు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే 'సబ్సిడీ కనెక్షన్ల సంఖ్యను ఇంటికి ఇన్ని ఎంబీపీఎస్‌తో హెచ్చవేసి, అంత సామర్థ్యాన్ని ప్రతి ముక్కలోనూ విడిగా పక్కన పెట్టాలి, దాన్ని మరొకరికి అమ్మకూడదు' అని రాయాలి. అమెరికాలో 2021 చట్టంతో వచ్చిన 4,245 కోట్ల డాలర్ల బ్రాడ్‌బ్యాండ్ పథకం ఈ దారికే వచ్చింది. మొదట ఫైబర్‌కు పెద్దపీట వేసిన ఆ పథకాన్ని 2025 జూన్‌లో మార్చి, ఏ సాంకేతికత అయినా సరే అన్నారు. దిగువ కక్ష్య కంపెనీలతో సామర్థ్యాన్ని పక్కన పెట్టించే ఒప్పందాలే చేసుకోమన్నారు. అడిగిన పది పని దినాల్లో సేవ మొదలుపెట్టాలి, పరికరానికి వాడేవాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు, ఒప్పందం పదేళ్లు. రాత బాగానే ఉంది. ముక్క ముక్కకూ పక్కన పెట్టారో లేదో బయటినుంచి ఎవరు చూస్తారన్నదే కిటుకు. అది కొలతతో తప్ప తేలదు, దాని దగ్గరికి వస్తాను.

ఆయుష్షు లెక్క కూడా చూడాలి. భూమిలో పాతిన ఫైబర్ ముప్పై ఏళ్లకు పైగా ఉంటుంది. భూస్థిర ఉపగ్రహం పదిహేనేళ్లు. దిగువ కక్ష్య ఉపగ్రహం అయిదేళ్లు. పదేళ్ల ఒప్పందంలో పైన ఉన్న ఉపగ్రహాలన్నీ రెండుసార్లు మారిపోతాయి. ఇంటి మీది టెర్మినల్ (డిష్, దాని యంత్రం) కూడా ఒక్కసారైనా మారుతుంది. అంటే ప్రభుత్వం ఇక్కడ ఆస్తి కొనడం లేదు, అద్దె కడుతోంది. అద్దెకు తీసుకునేదానికి మూలధన గ్రాంటు ఇవ్వడం, బాడుగ ఇంటికి స్లాబు పోయించినట్టు ఉంటుంది.

మరి అందరూ ఎందుకు మూలధన గ్రాంటే ఇస్తారు? నిధుల మూలంలో ఉంది జవాబు. బడ్జెట్‌లోంచి ఒక్కసారి మంజూరైన సొమ్మును ఇన్నేళ్లలో ఖర్చు పెట్టాలి. డిష్‌లు కొంటే ఖర్చయిపోతుంది, లెక్కకు చూపించడం సులువు. నెలనెలా కట్టే సేవకు ఏటేటా వచ్చే నిధి కావాలి. టెలికాం కంపెనీల మీద వేసే లెవీ అలాంటిది. భారత్‌లో టెలికాం కంపెనీల సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతం ఇలా వసూలవుతుంది. 2002 ఏప్రిల్ నుంచి నడిచిన సార్వత్రిక సేవా నిధి, 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధిగా మారింది. ఒక్కసారి సొమ్ముతో నెలవారీ సాయం మొదలుపెడితే ఏమవుతుందో అమెరికాలోనే చూశాం. ఇంటికి నెలకు 30 డాలర్లు, ఆదివాసీ భూముల్లో 75 డాలర్ల దాకా ఇచ్చిన పథకం సుమారు 2.3 కోట్ల ఇళ్లకు చేరింది. 1,420 కోట్ల డాలర్లు అయిపోగానే 2024 జూన్ 1న ఆగిపోయింది. ఒక్కసారి సొమ్మే ఉందనుకోండి, పదేళ్ల చెల్లింపులకు సరిపడా ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరితేనే సొమ్ము బయటికొచ్చే ఖాతా) వేసి, అందులోంచి మూడు నెలలకోసారి విడుదల చేయండి. అప్పుడు చేరే ఇళ్లు తక్కువవుతాయి. కాని చేరిన ఇళ్లకు మధ్యలో ఆగదు.

ఏ ఊరికి ఉపగ్రహం, ఏ ఊరికి ఫైబర్ అన్న సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇందులో పెద్ద రహస్యం లేదు. సేవ లేని ప్రతి ఇంటినీ మ్యాపులో చుక్కగా పెట్టండి. ఒక్కో ఇంటికి ఫైబర్ లాగడానికి ఎంతవుతుందో కట్టి, తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చండి. చాలా దూరం గీత బల్లపరుపుగా పోతుంది. చివర్లో ఒక్కసారి నిట్టనిలువుగా లేస్తుంది. ఆ లేచిన చోట ఉన్న ఇళ్లు ఉపగ్రహానికి. గీత ఎక్కడ కొయ్యాలన్నది పదిహేనేళ్ల ఖర్చుతో తేల్చాలి, మొదటి ఏడాది ఖర్చుతో కాదు. మొదటి ఏడాది చూస్తే ఉపగ్రహం ఎప్పుడూ చవగ్గానే కనిపిస్తుంది.

ఊరు కాస్త గుంపుగా ఉంటే ఇంటింటికీ డిష్ అక్కర్లేదు. 120 ఇళ్ల ఊరు తీసుకోండి. ఇంటికి 2.5 చొప్పున రద్దీ వేళ 300 ఎంబీపీఎస్ కావాలి. మంచి ఆకాశం ఉన్న ఒకే చోట మూడు, నాలుగు టెర్మినళ్లు పెట్టి, వాటిని ఒక రౌటర్‌లో కలిపి, 5 గిగాహెర్ట్జ్ రేడియోలతో ఇళ్లకు పంచవచ్చు. పాడైతే చూడాల్సింది ఒక్క చోటే. కరెంటు ఏర్పాటు ఒక్క చోటే. ఎక్కువమంది అడిగే పాఠాలు, ఫోన్ అప్‌డేట్లు ఊళ్లోనే నిలవ ఉంచే సర్వరు పెడితే పైనుంచి లాగేది ఇంకా తగ్గుతుంది. రెండు జాగ్రత్తలు. ఇంటి ప్లాన్‌తో ఇలా పంచడానికి కంపెనీల నిబంధనలు ఒప్పుకోవు, ఊరి మొత్తానికి పంచే హక్కు ఒప్పందంలోనే రాయించుకోవాలి. రెండోది, అన్ని టెర్మినళ్లూ ఒకే బీమ్ కింద ఉంటాయి కాబట్టి టెర్మినళ్లు నాలుగు పెట్టినంత మాత్రాన సామర్థ్యం నాలుగింతలు కాదు. పక్కన పెట్టించిన 300 ఎంబీపీఎస్ ఉంటేనే లెక్క నిలుస్తుంది.

ఇక నేల మీది పని. పథకాలు చాలావరకు ఓడిపోయేది ఇక్కడే, ఆకాశంలో కాదు.

మొదట కరెంటు. దిగువ కక్ష్య టెర్మినల్, రౌటర్ కలిపి సగటున 75 వాట్లు లాగుతాయి అనుకుందాం. రోజంతా ఆన్‌లో ఉంటే 1,800 వాట్-అవర్లు. బ్యాటరీలో, తీగల్లో, ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే ప్యానెల్ నుంచి 2,400 రావాలి. ఏడాది సగటు ఎండ రోజుకు 4.5 గంటలు ఉందని 550 వాట్ల ప్యానెల్ పెట్టేస్తారు. ముసురు పట్టిన నెలలో ఎండ 3 గంటలకు పడిపోతుంది, అప్పుడు కావాల్సింది 800 వాట్లు. లెక్క ఎప్పుడూ అతి చెడ్డ నెలకు కట్టాలి. బ్యాటరీ ఒకటిన్నర రోజుకు సరిపోవాలంటే 2,700 వాట్-అవర్లు వాడుకోదగ్గవి ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా దించవచ్చు, అంటే 24 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి దించితే త్వరగా చచ్చిపోతుంది, కాబట్టి పరిమాణం బాగా పెరుగుతుంది. టెర్మినల్‌లో మంచు కరిగించే హీటరు ఉంటుంది. మంచు పడని చోట దాన్ని ఆపేయించండి. మంచు పడే చోట అయితే ఆ వాట్లు కూడా లెక్కలో కలపండి. రాత్రి పన్నెండు నుంచి అయిదు దాకా నిద్రలో పెట్టే సెట్టింగు ఉంటే అయిదు గంటల కరెంటు మిగులుతుంది. ఆరోగ్య కేంద్రంలో మాత్రం ఆ పని చేయకండి.

తర్వాత చోటు. దిగువ కక్ష్య ఉపగ్రహాలు కదిలిపోతూ ఉంటాయి కాబట్టి డిష్‌కు విశాలమైన ఆకాశం కావాలి. దిగంతం నుంచి 25 డిగ్రీల పైన ఏ అడ్డూ ఉండకూడదు. గుర్తుంచుకోవడానికి సులువైన లెక్క: డిష్ కంటే చెట్టు ఎంత ఎత్తుందో, దానికి రెండింతలకు కాస్త పైనే దూరం ఉండాలి. పది మీటర్ల చెట్టుకు ఇరవై రెండు మీటర్లు. అడ్డు ఉంటే వేగం తగ్గదు, అదే చిత్రం. వేగ పరీక్ష పెడితే 150 ఎంబీపీఎస్ చూపిస్తుంది. వీడియో కాల్ మాత్రం కొన్ని నిమిషాలకోసారి రెండు మూడు సెకన్లు తెగుతుంది, ఉపగ్రహం చెట్టు కొమ్మ వెనక్కి వెళ్లినప్పుడల్లా. ఫిర్యాదు వస్తుంది, మనిషి వస్తాడు, వేగ పరీక్ష చేస్తాడు, 'బ్రహ్మాండంగా ఉంది' అని రాసుకుని వెళ్లిపోతాడు. కాబట్టి అప్పగింత రోజున వేగంతో పాటు, పన్నెండు గంటల పాటు తీసిన అడ్డుల చిత్రం కూడా జతచేయమనండి. టెర్మినలే ఆ చిత్రం ఇస్తుంది. చెట్లు పెరుగుతాయి, ఏడాదికోసారి మళ్లీ తీయాలి.

భూస్థిర ఉపగ్రహం డిష్ కథ వేరు. దానికి ఆకాశంలో ఒక్క చుక్క కనిపిస్తే చాలు, కాని గురి తప్పకూడదు. 75 సెంటీమీటర్ల డిష్ కేఏ బ్యాండ్‌లో (ఉపగ్రహాలు వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు) అర డిగ్రీ పక్కకు జరిగితే పైకి పంపే శక్తిలో సగానికి పైగా వృథా. కిందికి వచ్చేది మాత్రం కొంచెమే తగ్గుతుంది, కాబట్టి వెబ్ పేజీలు వస్తుంటాయి, ఫోటో పంపబోతే పోదు. స్తంభం నిలువుగా ఉందో లేదో మట్టపలకతో చూడకుండా, కాంక్రీటు ఆరకుండానే డిష్ తగిలిస్తే జరిగేది ఇదే. మొదటి గాలివానకు స్తంభం ఒరుగుతుంది. రేకుల కప్పు మీద బిగిస్తే ఇంకో గొడవ. రేకు అదురుతుంది, బోల్టు కన్నాల్లోంచి వాన కారుతుంది, ఇంటివాళ్లు విసుగెత్తి డిష్ పీకి పక్కన పెడతారు. వాళ్లను తప్పుపట్టలేం.

తీగ విషయంలో కంపెనీ ఇచ్చిన తీగే వాడాలి. పొడవు చాలలేదని రాగి పూత వేసిన అల్యూమినియం తీగ అతికితే, టెర్మినల్ ఎక్కువ కరెంటు అడిగిన క్షణాన వోల్టేజి పడిపోయి అది మళ్లీ మొదటినుంచి స్టార్ట్ అవుతుంది. రోజుకు ఇరవైసార్లు. దోషం ఉపగ్రహానిదని అందరూ అనుకుంటారు. తీగను పైపులో దూర్చండి, ఎలుకలు కొరుకుతాయి. స్తంభానికి ఎర్తింగ్, తీగకు పిడుగు రక్షణ పరికరం తప్పనిసరి. అంచనాల్లోంచి మొదట కొట్టేసేది వీటినే. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడినట్టుంటుంది.

వాన గురించి అడుగుతారు. కేఏ బ్యాండ్ మీద వాన దెబ్బ, దానికంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న కేయూ బ్యాండ్ మీద కంటే ఎక్కువ. పెద్ద వానలో కొన్ని నిమిషాలు సేవ పోవడం మామూలే. టెండరులో 99.5 శాతం అందుబాటు అని రాస్తే ఏడాదికి 44 గంటలు ఆగడానికి అనుమతించినట్టు. 99.9 అంటే తొమ్మిది గంటల లోపు. ఏది రాస్తున్నారో తెలిసి రాయండి. ఉపగ్రహం మీద 99.9 అడిగితే దానికి తగ్గట్టే పాట పెరుగుతుంది.

కొలత దగ్గరికొచ్చాం. ఎఫ్‌సీసీ తన గ్రామీణ నిధులకు పెట్టిన నియమం చూసి నేర్చుకోదగ్గది. సాయంత్రం 6 నుంచి రాత్రి 12 దాకా, గంట గంటకూ, మూడు నెలలకోసారి వరుసగా వారం రోజులు కొలవాలి. నూటికి 80 కొలతల్లో, ఒప్పుకున్న వేగంలో 80 శాతమైనా రావాలి. తక్కువ జాప్యం అన్నవాళ్లకు నూటికి 95 కొలతలు 100 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. ఇందులో కీలకం సాయంత్రమే. మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే అందరూ పాసే. నేనైతే ఇంకో రెండు కలుపుతాను. కొలిచే ఇళ్లను కంపెనీ కాకుండా ప్రభుత్వం చీటీ తీసి ఎంచాలి. కొలత కంపెనీ సొంత సర్వరు దాకా కాకుండా, ఇంటర్నెట్ కంపెనీలన్నీ కలిసే ఎక్స్ఛేంజీ దాకా జరగాలి. లేకపోతే గేట్‌వే (ఉపగ్రహాన్ని ఇంటర్నెట్‌తో కలిపే నేల కేంద్రం) తర్వాత ఇరుకు ఉన్నా కనపడదు. వేగంతో పాటు తెగిన సెకన్ల లెక్క కూడా తీసుకోండి, ఇందాకటి చెట్టు కొమ్మ అందులోనే దొరుకుతుంది.

చెల్లింపు ఇలా పెట్టవచ్చు. మొత్తంలో నూటికి 20 బిగింపు అయ్యాక, అడ్డుల చిత్రం, ఎర్తింగ్ కొలత చూసి. మిగతా 80, ఒప్పందం ఉన్నన్నాళ్లూ మూడు నెలలకోసారి సమభాగాలుగా, రెండు అంకెలతో హెచ్చవేసి: నిజంగా వాడుకలో ఉన్న కనెక్షన్లు, కొలత పాసైన శాతం. ఒక నెలలో ఒక్క బైటు కూడా పోని కనెక్షన్ వాడుకలో లేనట్టే. ఈ ఒక్క నిబంధనతో కంపెనీయే ఊళ్లో ఒక మనిషిని పెట్టుకుని, ఆగిన టెర్మినళ్లను వెతుక్కుంటుంది. లేదంటే మన ఉద్యోగి వెతకాలి. వాడేవాడి నెలవారీ చందాకు గరిష్ఠ హద్దు కూడా పదేళ్లకు ఒప్పందంలోనే ఉండాలి. పరికరం ఉచితంగా ఇచ్చి, రెండో ఏడాది చందా పెంచితే డిష్ మీద పావురాలు కూర్చుంటాయి.

ఒక్క కంపెనీ మీదే ఆధారపడటం గురించి రెండు మాటలు. 2022 ఫిబ్రవరి 24న కేఏ-శాట్ ఉపగ్రహ సేవ మీద సైబర్ దాడి జరిగి, ఐరోపాలో వేలాది మోడెమ్‌లు పనికిరాకుండా పోయాయి. జర్మనీలో 5,800 గాలి మరలకు దూరం నుంచి నడిపే లింకు తెగిపోయింది. 2025 జులై 24న స్టార్‌లింక్ లోపలి సాఫ్ట్‌వేర్ దోషంతో ప్రపంచమంతటా రెండున్నర గంటలు ఆగింది. ఊరి తీగ తెగితే ఒక ఊరికే పోతుంది, ఇక్కడ అన్ని ఊళ్లకూ ఒకేసారి పోతుంది. రాజకీయాలూ ఉన్నాయి. కెనడాలో ఒంటారియో రాష్ట్రం 15,000 ఇళ్లు, వ్యాపారాలకు ఉపగ్రహ సేవ కోసం అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్‌తో 2024 నవంబరులో దాదాపు 10 కోట్ల కెనడా డాలర్ల ఒప్పందం చేసుకుంది. అమెరికా సుంకాల తగువు రావడంతో 2025లో దాన్ని రద్దు చేసుకుంది. సేవలో లోపం ఉండి కాదు. ఎదురుచూస్తున్న ఇళ్లు మళ్లీ వరుసలో వెనక్కి వెళ్లాయి. అందుకని ప్రాంతాన్ని ముక్కలు చేసి ఇద్దరికి ఇవ్వండి. స్తంభం, ఎర్తింగ్, సౌర ఫలకాలు, బ్యాటరీ, ఊళ్లో పంచే రేడియోలు ప్రభుత్వ ఆస్తిగా ఉంచండి. కంపెనీ మారితే పై ముక్క ఒక్కటి విప్పి ఇంకోటి బిగిస్తే పని నడుస్తుంది.

చివరగా, ఫైబర్ వచ్చిన రోజు సంగతి. నాలుగో ఏడు ఆ ఊరికి ఫైబర్ చేరిందనుకోండి. ఉపగ్రహ ఒప్పందం ఇంకా ఆరేళ్లు ఉంది. ముందే రాసుకోకపోతే ఒకే ఇంటికి రెండు సబ్సిడీలు పోతాయి, లేదా కంపెనీ నష్టపరిహారం అడుగుతుంది. నిబంధన ఇలా ఉండాలి: ఫైబర్ కనెక్షన్ ఇచ్చి 90 రోజులు కొలత పాసయ్యాక ఆ ఇంటి ఉపగ్రహ చెల్లింపు ఆగుతుంది. పక్కన పెట్టించిన సామర్థ్యం అదే కంపెనీ పరిధిలో సేవ లేని మరో ఊరికి మారుతుంది. విప్పిన టెర్మినళ్లలో మంచివి ఆరోగ్య కేంద్రానికి, బడికి రెండో దారిగా ఉంటాయి. టోంగాలో 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి సముద్రపు కేబుల్ తెగినప్పుడు, దాన్ని అతికేదాకా అయిదు వారాలు ఆ ద్వీపాలకు ఉపగ్రహాలే దిక్కయ్యాయి. ఆ రెండో దారి డిష్‌ను నెలకోసారి ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యేదాకా ఉంచి, తేదీ రిజిస్టరులో రాయాలి. ఏడాది పాటు పెట్టెలో పడి ఉన్న టెర్మినల్, అవసరమైన రోజున ముందు అప్‌డేట్ అవుతూ కూర్చుంటుంది.

ప్రశ్నలుంటే అడగండి.